టికిరి కొండల్లో ఊట శుభ్రం చేసే వంతు ఎవరిది?

నేను ఒడిశాలోని కోరాపుట్ వెళ్లింది సేవ చేయడానికి కాదు, కొండలు చూడటానికి అంతకన్నా కాదు. ఒక మనిషి చెప్పింది తప్పని అతని ముఖం మీదే నిరూపించడానికి వెళ్లాను. డెబ్భై రెండేళ్లవాడు చీకటితో లేచి, స్వెట్టరు తొడుక్కుని, అయిదున్నర బస్సుకు విజయనగరం కాంప్లెక్సులో నిలబడ్డాడంటే దాని వెనక భక్తయినా ఉండాలి, పంతమైనా ఉండాలి. నాకు భక్తి లేదు.

ఆ మనిషి పేరు ప్రభాకరం. రాయగడలో చిన్న స్వచ్ఛంద సంస్థ నడుపుతున్నాడు. నేను హెల్త్ ఎడ్యుకేటర్‌గా ఉద్యోగం చేసిన రోజుల్లో నా దగ్గర పని నేర్చుకున్నవాడే. పసిపిల్లల విరేచనాల గురించి పల్లె తల్లుల కోసం నేను రాసిన చిన్న పుస్తకాన్ని, నేను రిటైరైన మరుసటి ఏడు, బొమ్మలతో సహా అచ్చు వేయించాడు. అందులో అన్నీ ఉన్నాయి, నా పేరు తప్ప. అడిగితే, ప్రజల కోసం రాసినదానికి పేరెందుకండీ అన్నాడు. అట్ట మీద అతని పేరు మాత్రం రెండుచోట్ల ఉంది.

అలాంటివాడు ఈ వర్షాకాలం చివర్లో ఫోన్ చేశాడు. మలేషియాలో ప్రజారోగ్యం చదువుతున్న కుసుమ అనే అమ్మాయి స్వచ్ఛంద సేవకు వచ్చిందట. రాయగడ జిల్లా టికిరికి పైన, సిర్లిగుడ అనే పరజా గిరిజనుల పల్లెలో ఉంటూ పిల్లలకు ఆరోగ్య పాఠాలు చెబుతోందట. ఆ ఊరివాళ్లు తాగే ఊటను రోజూ శుభ్రం చేసుకోవడానికి సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు వారాలకు ఏడు పనులు చూపిస్తూ బొమ్మల చార్టు గీసిందట. దాని మీద ఒడియా మాటలు నన్ను రాసిమ్మన్నాడు. మా నాన్న గుణుపూర్‌లో పనిచేసినందువల్ల నేను ఒడియా బడిలోనే చదివాను. రాస్తాను గానీ కింద నా పేరు వెయ్యాలన్నాను. మాట నిలబెట్టుకున్నాడు. చార్టు ఫ్లెక్సు మీద అచ్చయింది, కింద మూలన నా పేరు, ఇంటిపేరుతో సహా.

మూడు వారాల తర్వాత మళ్లీ ఫోన్. ఆ ఊళ్లో కుసుమ రెండు సమావేశాలు పెడితే ఒక్క ఆడమనిషి రాలేదట. ఆదివారం మూడోది, ఆఖరిది. ఊట చుట్టూ గట్టు కట్టి గొట్టం వేయడానికి సిమెంటూ ఇటుకా సిద్ధంగా ఉన్నాయి, కానీ చూసుకుంటామని ఇరవైమంది ఆడవాళ్లు సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ సామాను వేరే ఊరికి పోతుంది. వానాకాలమంతా పిల్లలు విరేచనాలతో పడిపోయిన ఊరు అది. "చార్టుల కాలం పోయింది గురువుగారూ. ఇప్పుడు వీడియో చూపిస్తేనే చూస్తారు. ఆ అమ్మాయి వినదు," అన్నాడు ప్రభాకరం. నేను ముప్ఫై ఏళ్లు చార్టులతో బతికినవాణ్ణి. శనివారం బస్సెక్కాను.

విజయనగరం నుంచి సాలూరు, సుంకి ఘాటీ, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్‌కు అయిదు గంటల ప్రయాణం, టికెట్టు రెండువందల పైచిలుకు. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోమనీ ఎడమవైపు కూర్చోమనీ ఇంటర్నెట్‌లో చాలామంది రాశారు. ఘాట్ రోడ్డు పాములా తిరుగుతుంది కాబట్టి ఎటు కూర్చున్నా లోయ రెండువైపులా వస్తుంది. రాసినవాళ్లు కారులో వెళ్లి, కారు అద్దంలోంచి ఫోటో తీసుకుని వచ్చినవాళ్లు. వాళ్ల వ్యాసాల్లో మబ్బులుంటాయి, జలపాతాలుంటాయి, మనుషులుండరు. ఉంటే తలమీద కుండతో, పేరు లేకుండా ఉంటారు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. పొట్టంగి దాటాక కొండవాలంతా వలిసె పూలతో పసుపు పారబోసినట్టు కనిపించేసరికి నా పక్క సీటాయనను తట్టి లేపి మరీ చూపించాను. ఆయన రోజూ ఆ దారిన పోయే బట్టల వ్యాపారి. ఒకసారి చూసి మళ్లీ నిద్రపోయాడు.

పదిన్నరకు కోరాపుట్ బస్టాండులో దిగాను. కుసుమ అక్కడికే వచ్చింది. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఈ జిల్లాల పల్లెల్లో ఉండాలంటే అనుమతి పత్రాలు కావాలి, అవి సరిచూసుకోవడానికి వచ్చి, సంస్థ జీపులో నన్ను తీసుకెళ్లడానికి ఆగింది. జీన్సు ప్యాంటు, రబ్బరు బూట్లు, చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు. ఇంగ్లీషులో మాట్లాడాలేమోనని గొంతు సవరించుకున్నాను.

"తాతగారూ, బస్సు బేగి వొచ్చేసింది. నాను ఇంకా ఆలస్సం అవుద్దనుకున్నాను లా," అంది.

చివర్లో ఆ 'లా' మలేషియావాళ్ల అలవాటు. మిగతాదంతా మా అమ్మమ్మది. కుసుమ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి పెరాక్‌లో కొబ్బరితోటల పనికి పోయాడట. నాలుగు తరాలుగా ఆ ఇంట్లో సినిమా తెలుగు, పత్రికల తెలుగు చొరబడలేదు. ఒకప్పుడు ఒక పత్రిక సంపాదకుడు నా వ్యాసంలో 'బేగి' అనే మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, అచ్చుకు పనికిరాదని తిప్పి పంపాడు. ఆ మాట సముద్రం దాటి వెళ్లి, నూరేళ్లు కొబ్బరితోటల్లో బతికి, చదువుకున్న అమ్మాయి నోట చక్కగా తిరిగొచ్చింది. సంపాదకుడి పత్రిక మూతపడి చాలాకాలమైంది. బస్టాండు పక్కనే ముప్ఫై రూపాయలకు గారెల్లాంటి మినప బరాలు, వేడి బఠాణీ ఘుగునీ తిన్నాం. ఆ అమ్మాయి చేత ఇంకో నాలుగు మాటలు చెప్పించుకోవడానికి నేను రెండో ప్లేటు కూడా తెప్పించాను.

జీపు డ్రైవరు సింహాచలం. రాయగడలో పుట్టినవాడే, తాతలది పార్వతీపురం. తెలుగు, ఒడియా, ఈ కొండవాళ్ల దేశియా మూడూ కలిపి మాట్లాడతాడు, మూడింటిలోనూ విసుక్కుంటాడు. మీరు సొంతంగా జీపు మాట్లాడుకుంటే కోరాపుట్ నుంచి టికిరికి మూడువేల దాకా అడుగుతారు. రాయగడ వెళ్లే బస్సులో లక్ష్మీపూర్‌లో దిగి, అక్కడ జనం ఎక్కే జీపు పట్టుకుంటే వందన్నరలో పోవచ్చు, కాకపోతే మోకాళ్లు గట్టివై ఉండాలి. లక్ష్మీపూర్ దగ్గర పెద్ద రోడ్డు వదిలాక రాగులు పండే చోడిచేలు, ఎర్రమట్టి, సాలచెట్లు. ఒక మలుపులో దూరంగా డొరగుడ వైపు అల్యూమినా కర్మాగారం పొగగొట్టాలు కనిపించి మళ్లీ కొండ చాటుకు పోతాయి.

ఆ మలుపు దగ్గరే సింహాచలం అడిగాడు. "బాబుగారూ, మీరు పెద్దోరు, మీకు తెలిసుంటాది. రబిబారి మేడమంటే ఎవులండి? ఆపీసులో కొత్తగా ఏసేరేటి?"

తెలియదన్నాను.

"నన్నూ అడుగుతన్నారు మావా," అంది కుసుమ. "అలాంటోలు ఎవులూ లేరని సెప్పేను. నమ్మట్లేదు."

"నాను జీపు ఆపడం తడవు, ఊర్లో ఆడోలు ఇదే గొడవండి. రబిబారి ఎప్పుడొస్తాది, రబిబారి ఎప్పుడొస్తాది అని. నానేటి సెప్పాల? వొస్తాదిలే అనేసేను."

అలాంటి మేడం ఎవరైనా ఉంటే ప్రభాకరమే దాచిపెట్టి ఉంటాడని నేనన్నాను. సింహాచలం మా ఇద్దరినీ అద్దంలో చూసి, పెద్దవాళ్ల గొడవ మనకెందుకన్నట్టు గేరు మార్చాడు.

టికిరిలో టీ తాగి, ఇంకో గంట మట్టిరోడ్డు మీద ఎగిరెగిరిపడి, మూడింటికి సిర్లిగుడ చేరాం. నలభై ఇళ్లు, రెండు వరుసలు, గోడలకు ఎరుపు నలుపు పట్టీలు. ఊరి మధ్య బోరింగు ఉంది గానీ నీళ్లు ఇనుప వాసన. వాటితో కాచిన చోడంబలి నల్లబడుతుందని ఎవరూ తాగరు. తాగేది ఊరి కింద, కొండ మొదట్లో రాళ్ల మధ్య ఊరే నీటిని. ఆ నీరు నిలిచే చిన్న గుంటను చువా అంటారు. పశువులు దిగి తాగేదీ అక్కడే. అందుకే గట్టు, గొట్టం.

నా చార్టు సమావేశాల పాక గోడకు వేలాడుతోంది. మనిషంత ఎత్తు, మెరుస్తూ, ఏడు గళ్లలో ఏడు బొమ్మలు, ప్రతి బొమ్మ పక్కనా నా ఒడియా. కుసుమ గీత బాగుంది. నా అక్షరాలు ఇంకా బాగున్నాయి. కింద నా పేరు ఎదుట ఒక నిమిషం నిలబడ్డాను. ఈ చార్టు చూసి మనుషులు రాకపోవడమేమిటి? ఎవరో వాళ్ల మనసు విరిచి ఉండాలి. ప్రభాకరం తప్ప ఇంకెవరూ గుర్తు రాలేదు.

ఊట చూద్దామని కిందికి దిగాను. అక్కడ నాకంటే పెద్దదిగా కనిపించే ఒక అవ్వ మోకాళ్ల లోతు నీళ్లలో వంగి, సత్తుగిన్నెతో అడుగునుంచి బురద తోడి ఒడ్డుకు పోస్తోంది. నాలుగు గిన్నెలకొకసారి ఆగి నడుం పట్టుకుంటోంది. నాకు కడుపు నిండినంత సంతోషమైంది. చార్టు పనిచేస్తోంది! దేశియా నాకు ముప్పాతిక అర్థమవుతుంది, నా ఒడియా వాళ్లకు అర్థమవుతుంది. ఇవాళ ఎవరి వంతు అవ్వా, అని అడిగాను.

"నాదే," అంది.

నా లెక్క ప్రకారం బురద తీయడం బుధవారం పని. ఇవాళ శనివారం. నిన్న ఎవరి వంతు అన్నాను. నిన్నా తనదే అంది. మొన్నా తనదే. గోడకు ఆ కాగితం కట్టినప్పటినుంచి రోజూ తానే వస్తోందట.

"రోజూ నువ్వే ఎందుకు?"

"గోడమీద నా పేరు రాశారు కదా. బురద నన్నే తియ్యమన్నారు."

"నీ పేరేమిటి?"

"బుద్‌బారి," అంది.

గుట్ట ఎక్కి పాక దాకా ఎలా వచ్చానో తెలియదు. మూడో గడిలో నా చేతిరాత చదువుకున్నాను. 'బుధబారీ పాళి: గుంట అడుగు బురద తీయడం.'

ఈ కొండల్లో ఏ వారం పుట్టిన బిడ్డకు ఆ వారం పేరు పెట్టడం మామూలు. సోమవారం పుడితే సోంబారి, మంగళవారమైతే మంగళి, బుధవారమైతే బుద్‌బారి, గురువారమైతే గురుబారి, శుక్రవారమైతే సుక్రి. ఇది నేను పుస్తకాల్లో చదివాను, ఒకచోట రాశాను కూడా. ఒడియాలో బుధవారం బుధబార. అలా రాసి వదిలేస్తే సరిపోయేది. కానీ పక్కన పాళి అనే మాట ఉంది. పాళి అంటే వంతు. సంస్కృతం ప్రకారం అది స్త్రీలింగం కాబట్టి దాని ముందున్న మాటను కూడా స్త్రీలింగం చేసి, ఏడు వారాలకూ చివర దీర్ఘం తగిలించాను. ఒడియాకు ఆ దీర్ఘం అక్కర్లేదు. నాకు కావలసి వచ్చింది, చదువుకున్నవాడు రాశాడని తెలియడానికి. నేను రాసింది బుధవారం వంతు. ఊరు చదివింది బుద్‌బారి వంతు.

ఊరి ఆశా కార్యకర్త జమున అప్పుడే పాకలోకి వచ్చింది. ఎనిమిదో తరగతి చదివింది, చార్టు ఊరందరికీ చదివి వినిపించింది ఆమే. అడిగితే విషయమంతా బయటికొచ్చింది. ఊళ్లో సోంబారిలు ముగ్గురు. ముగ్గురూ మిగతా ఇద్దరిలో ఎవరో అనుకుని రెండు రోజులు చూసి, తర్వాత నువ్వంటే నువ్వని దెబ్బలాడుకుని మాటలు మానేశారు. మంగళి, సుక్రి ఏం తప్పు చేశామని మా పేర్లు గోడకెక్కించారని అలిగారు. పేర్లు లేనివాళ్లు ఊట చూసుకునే సంఘమంటే ఆ ఏడుగురే, మనల్ని పిలవలేదు అనుకున్నారు. ఆదివారానికి నేను పుస్తకాల ఒడియాలో 'రబిబారీ' అని రాశాను. ఈ కొండల్లో ఆదివారం పుట్టిన ఆడపిల్ల పేరు రాయిబారి. రబిబారి అనే మనిషి చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేదు కాబట్టి, ఆమె ఆఫీసునుంచి వచ్చే మేడం అనీ, వచ్చి ఊట చుట్టూ సున్నం చల్లుతుందనీ తేల్చుకున్నారు. ఏడో గడిలో పని అదే మరి.

వింతగా అనిపించలేదా అని జమునను అడిగాను. ఆమె చార్టు కింది మూల చూపించింది. "అచ్చేసి వచ్చింది. కింద పెద్దమనిషి పేరుంది. తప్పుంటుందని ఎట్లా అనుకుంటాం?"

కుసుమ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నా ముఖం చూసి, "ఏటయ్యింది తాతా? నా బొమ్మలేనా తప్పు?" అంది. మూడు వారాలుగా ఆ అమ్మాయి తన బొమ్మల్నే అనుమానిస్తోంది. ప్రభాకరం ఆమె చదువుకునే విశ్వవిద్యాలయానికి రాసే నివేదికలో, ఊరిని కూడగట్టలేకపోయిందనే మాట రాయబోతున్నాడని ఆమెకు తెలుసు. ఇక్కడ నేను నోరు మూసుకుంటే సరిపోయేది. ఫ్లెక్సు విప్పించి, సరిగ్గా రాయించి, అమ్మాయి బొమ్మలు అర్థం కాలేదని ఒక మాట అంటే నమ్మేవాళ్లే అందరూ. ఆ మాట నాలుక దాకా వచ్చిందని రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

చెప్పాను. దీర్ఘం సంగతి వ్యాకరణంతో సహా చెప్పాను. కుసుమ మొదట నవ్వింది. రబిబారి మేడం దగ్గరకొచ్చేసరికి పొట్ట పట్టుకుని నేలమీద కూర్చుంది. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"మరి ఆ అవ్వ? ఇన్నాళ్లూ ఒక్కర్తే తీసిందా?"

ఫోన్ సిగ్నలు ఊరి పైనున్న బండ మీద మాత్రమే దొరుకుతుంది. సాయంత్రం అయిదింటికి సింహాచలం నన్ను దాదాపు ఎత్తుకుని ఎక్కించాడు. ప్రభాకరంతో, అమ్మాయి తప్పేమీ లేదు, తప్పు నాది అన్నాను. కారణం చెప్పాను. అవతలి నుంచి నవ్వు కోసం ఎదురుచూశాను. రాలేదు.

"కింద మీ పేరుంది కదండీ గురువుగారూ. తీసేయించమంటారా?" అన్నాడు.

అది దయో, పగో నాకు ఇప్పటికీ తేలలేదు.

"ఉండనీ," అన్నాను.

దిగి వచ్చేసరికి కుసుమ, జమున ఇల్లిల్లూ తిరుగుతున్నారు. నన్నూ రమ్మన్నారు. చేతిలో కాగితం లేదు. అయిదు వారాల్లో కుసుమ ఊళ్లో ప్రతి ఆడమనిషి పేరూ నేర్చుకుంది, ఏ సోంబారి ఏ ఇంటిదో కూడా. ఒక్కొక్క గుమ్మం ముందు నిలబడి పేరుపెట్టి పిలిచి, రేపు మీరు రావాలి, మిమ్మల్నే పిలుస్తున్నాను అని తనకొచ్చిన దేశియాలో చెప్పింది. క్రియలన్నీ తప్పు. ఒక్క దీర్ఘం కూడా సరిగ్గా పలకలేదు. అందరికీ అర్థమైంది.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పాక నిండింది. ముగ్గురు సోంబారిలు మూడు మూలల్లో కూర్చున్నారు. బుద్‌బారి ముందు వరుసలో కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను లేచి చార్టు పక్కన నిలబడి ఒడియాలో చెప్పాను. "ఇవి మనుషుల పేర్లు కావు. వారాల పేర్లు. రాసింది నేను. తప్పు రాశాను. బుద్‌బారి అవ్వ నా వల్ల ఇన్నాళ్లు నీళ్లలో నిలబడింది." ఎన్నో వేదికల మీద మాట్లాడాను గానీ అంత చిన్న ఉపన్యాసం ఎప్పుడూ ఇవ్వలేదు. వెనకనుంచి ఒకామె, అయితే రబిబారి రాదా అని అడిగింది.

"ఇవాళ ఆదివారం," అంది బుద్‌బారి. "వచ్చింది కదా, అదిగో నిలబడింది," అని నన్ను చూపించింది.

పాక కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. ముగ్గురు సోంబారిలూ ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకోలేక, మాటలు మానేసిన సంగతి మరిచిపోయారు. నేనూ నవ్వాను. అంతలా నవ్వి ఎన్నేళ్లయిందో.

నవ్వులు తగ్గాక కుసుమ, చార్టు కొత్తగా రాయిద్దామా అని అడిగింది. బుద్‌బారి లేచి ఇంటికెళ్లి, చేతులు రాసి రాసి నున్నబడిన ఒక పొడుగు కర్ర తెచ్చింది. ఊరి వెనక అడవిని గొడ్డళ్లవాళ్లు నరక్కుండా కాసేందుకు వాళ్లకు ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. ఈ కర్ర ఎవరి గుమ్మానికి ఆనించి ఉంటే ఆ రోజు ఆ ఇంటివాళ్లు కాపలాకు పోవాలి. తిరిగొచ్చి పక్కింటి గుమ్మానికి ఆనించాలి. కర్రను ఠెంగా అంటారు. ఆ పద్ధతి పేరు ఠెంగా పాళి.

పాళి! ఏ మాటకు లింగం చూసుకోవడానికి నేను మూడు నిఘంటువులు తిరగేశానో ఆ మాట వీళ్ల గుమ్మాల ముందు కర్రగా తిరుగుతోంది. నిఘంటువులో వంతు అని ఉంది, అంతే. అడవికి ఉన్న పాళి నీళ్లకెందుకు ఉండకూడదని జమున అంది. అప్పటికప్పుడు ఊటకు వేరే పొట్టి కర్ర ఒకటి కోసుకొచ్చారు. వారాలతో పనిలేదు, పేర్లతో పనిలేదు, చదువుతో అసలే పనిలేదు. బుద్‌బారి ఇంటికి మొదటి చుట్టులో కర్ర పెట్టకూడదని తీర్మానించారు. ఆమె ఒప్పుకోలేదు. ఆమె మాట ఎవరూ వినలేదు.

కాగితం మీద ఇరవైమంది చాలు. ముప్ఫైనాలుగు వేలిముద్రలు, సంతకాలు పడ్డాయి. కుసుమ వాటిని రెండుసార్లు లెక్కపెట్టి, ఫోల్డరులో పెట్టి, ఆ ఫోల్డరును రోజంతా కింద పెట్టలేదు. ఫ్లెక్సును ఏం చేద్దామని చర్చ రాలేదు. మంచి గుడ్డ, వాన ఆగుతుంది అని బుద్‌బారి విప్పి పట్టుకుపోయింది. నా పేరు ఇప్పుడు సిర్లిగుడలో ఒక మేకల కొట్టం కప్పు మీద ఉంది.

మర్నాడు ఉదయం బయలుదేరాలి. నేనూ సింహాచలం బడిగదిలో పడుకున్నాం. తెల్లవారి బయటికెళ్లిన సింహాచలం తల లోపలికి పెట్టాడు.

"బాబుగారూ, కర్ర మన గుమ్మంకాడ ఎట్టేసేరండి."

మనం ఊరివాళ్లం కాదు కదా అన్నాను.

"అదే నానూ సెప్పేను. పడుకున్నారు గదా, పడుకున్నకాడ ఇల్లే అంటంది ముసిల్ది."

ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగాను. నీళ్లు ఎముకల్లోకి పోయేంత చల్లగా ఉన్నాయి. కుసుమ ఆకులు ఏరింది, నేను బురద తోడాను. నాలుగో గిన్నెకు నడుం పట్టుకుని నిలబడితే ఒడ్డు మీద బుద్‌బారి బీడీ కాలుస్తూ కూర్చుని ఉంది. ఇంకా అడుగున ఉంది, ఇంకా అడుగున, అని వేలితో చూపిస్తోంది. ముప్పావుగంట పట్టింది. చివరికి బురద కిందికి దిగి, నీళ్లలోంచి తెల్లటి ఇసుక కనిపించి, ఆ ఇసుకలోంచి ఊట చిన్న చిన్న బుడగలుగా లేస్తుంటే కుసుమ అరిచింది. నేనూ అరిచాననుకుంటాను. కర్ర తీసుకెళ్లి పక్కింటి గుమ్మానికి ఆనించాను. ఆ ఇల్లు ముగ్గురిలో ఒక సోంబారిదే. ఏ సోంబారో అడగలేదు, ఇక అవసరం లేదు.

టికిరి నుంచి రాయగడకు రైల్లో వచ్చాను. సొరంగాలు, వంతెనలు, గంటన్నర పైన. ఈ దారికి ఎవరు ఎన్ని విశేషణాలు వాడినా నాకు అభ్యంతరం లేదు. రాయగడ స్టేషనుకు ప్రభాకరం వచ్చాడు. కుసుమ నివేదిక తానే మార్చి రాశానన్నాడు. టీ తాగాం. చార్టు సంగతి అతను ఎత్తలేదు. పుస్తకం సంగతి నేను ఎత్తాను. దానికి సమాధానం ఇంకా రాలేదు, నేను అడగడం ఆపను.

విజయనగరం బండిలో కూర్చుని ఆలోచించాను. పల్లెలకు చదువు చెప్పడానికి ముప్ఫై ఏళ్లు తిరిగాను. తిరిగిన ప్రతి ఊళ్లోనూ నా మాట ఎందుకు వినరని కోపం తెచ్చుకున్నాను. విని, అక్షరాలా విని, నడుం విరిగేలా పాటించినవాళ్లు ఎందరున్నారో ఎన్నడూ వెనక్కి వెళ్లి చూడలేదు. ప్రభాకరం మీద నా కోపం న్యాయమైనదే, అది అలాగే ఉంది. కానీ ఆ అవ్వ నన్ను ఒక్క మాట అనకుండా నీళ్లలోకి దింపిన తీరు చూశాక, ఎవరినైనా నిలదీయడానికి అంతకన్నా మంచి పద్ధతి ఉందనుకోను. కుసుమ వచ్చే నెల పెరాక్ వెళ్లిపోతుంది. గట్టు పని మొదలైందని నిన్ననే మెసేజి పెట్టింది, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, చివర 'లా'తో.

ఈ కొండ పల్లెల్లో స్వచ్ఛంద సేవకనో, పరిశోధనకనో వెళ్లి రాత్రి ఉండదలచుకున్నవాళ్లకు ఒకటే సూచన. అనుమతులు, స్వెట్టరు, టార్చి లైటు ఎలాగూ పెట్టుకుంటారు. వాటితోపాటు తడిసినా ఫరవాలేని పాత బట్టలు ఒక జత, జారని రబ్బరు చెప్పులు పెట్టుకోండి. పడుకున్న చోటే మీ ఇల్లు, కర్ర మీ గుమ్మానికీ వస్తుంది.